పాట లేని కోలాటం

గ్రేసమ్మ తెల్లారకముందే కుండలోంచి పెద్ద సీసాలోకి నీళ్ళు వంపుకుని, మూత బిగించి, మిరపకోతకు పోయే ఆటో ఎక్కుతుంది. పొద్దుగూకాక దిగేటప్పుడు ఆ సీసా నిండుగానే దిగుతుంది. ఏళ్ళ తరబడి చేనికీ ఇంటికీ తిరిగిన ఆ సీసాకే గనక నోరుంటే, మాచర్ల డిపోకి పోయి బస్సు పాసు అడిగేది. పల్నాటి మార్చి ఎండ తెలియనిది కాదు. కాకి తన నీడలో తానే కూర్చుందామని వాలి, నీడ కూడా కాలుతోందని లేచిపోతుంది. అంత ఎండలో మనిషి గుక్కెడు నీళ్ళు తాగకుండా ఉంటుందా అంటే, ఉంటుంది. ఆడమనిషైతే ఉంటుంది.

కూతురు ప్రశాంతి నరసరావుపేటలో డిగ్రీ చదువుతోంది. ఆ పిల్లకి సీసా సంగతి పట్టింది తల్లికి ఒంటేలు మంట వచ్చినప్పుడు. పేటలో డాక్టరమ్మ చూసి, బిళ్ళలు రాసి, "నీళ్ళు బాగా తాగాలమ్మా" అంది. ఇంటికొచ్చాక తండ్రి జయరాజు ఆ ముక్క పట్టుకుని నెల్లాళ్ళు ఊరేగాడు. "చూశావా? ఎదురుగా సీసా పెట్టుకుని తాగనిదాన్ని ఏమనాల? మీ అమ్మది మొండితనం, అంతకన్నా ఏం లేదు."

మొండితనమట! ప్రశాంతికి ఒళ్ళు మండింది. నాన్న కూడా అదే చేలకు మూటలెత్తడానికి పోతాడు. ఆయనకి అవసరమైతే గట్టు వైపు తిరుగుతాడు, అంతే. ప్రపంచమంతా ఆయన వీపు వెనక్కి పోయి మర్యాదగా నిలబడుతుంది. అమ్మ ఎటు తిరగాలి? మిరప చెట్టు నడుము దాటదు. నీడ పడితే కాపు తగ్గుతుందని గట్ల మీద చెట్టన్నది ఉంచరు. రోడ్డు మీద పోయే బళ్ళవాళ్ళు చేలో చీరలు కనపడితే చాలు, బండికి ఏదో జబ్బు చేసినట్టు నెమ్మదిస్తారు. అందుకని ఆడవాళ్ళు తమ ఉపాయం తామే చేసుకున్నారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక పెద్దావిడ హనుమాయమ్మ లేచి, "గోడ కట్టండే" అని కేకేస్తుంది. అందరూ గుండ్రంగా నిలబడి, మొహాలు బయటికి పెట్టి, కొంగులు చాచి పట్టుకుంటారు. లోపల ఒకతె కూర్చుంటుంది. ఆమె లేచాక ఇంకొకతె. ఇంతమంది పని ఆపితే కూలీల మేస్త్రి అరుస్తాడు గనక రోజుకు ఒక్క గోడే. ఒక్క గోడతో సరిపెట్టుకోవాలి గనక ఎవరూ మూత తీయరు. ఇంత చిన్న లెక్క ఇంట్లో మగమనిషికి ఎందుకు అందలేదో ప్రశాంతికి అందలేదు.

పోయిన నెల ఒక ఆదివారం తనూ కోతకు పోయినప్పుడు ప్రశాంతి, రైతు త్రికోటేశ్వరరావును ఒక పాత టార్పాలిన్ పట్టా అడిగింది. కల్లంలో మిరపకాయల మీద కప్పేదే. నాలుగు కర్రలు పాతి చుట్టూ కడితే చాలంది. ఆయన కాయలు తిరగేస్తూ తలెత్తకుండా, "పట్టా నీకిస్తే మంచుకి కాయ రంగు పోద్ది. రంగు పోయిన కాయ మిర్చి యార్డులో ఎవడు కొంటాడే? అయినా మీ అమ్మావాళ్ళు ఇన్నేళ్ళుగా వస్తన్నారు, ఒక్కరన్నా అడిగారా?" అన్నాడు. కాయకు మంచు తగలకూడదు. మనిషికి ఏం తగిలినా ఫర్వాలేదు.

సరిగ్గా అప్పుడే కాలేజీలో మహిళా దినోత్సవానికి ఫొటోల పోటీ పెట్టారు. ఏదైనా సామాజిక సమస్య మీద ఒక్క ఫొటో. ప్రశాంతి తల్లిని అడిగింది. తండ్రే ముందు జవాబిచ్చాడు. "ఇంటి గుట్టు ఫొటో తీస్తావంటే? పువ్వులు తియ్యి, సాగర్ గేట్లు తియ్యి!"

గ్రేసమ్మ మిరప ఘాటుకు మండే చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ ఒకటే అడిగింది. "నా మొహం పడుద్దా?"

"నువ్వు లోపలుంటావుగా. పడదమ్మా. ఒట్టు."

ఆ మాట ఎట్లా పాకిందో, మర్నాడు జట్టులో పుల్లమ్మ పెళ్ళిచీర కట్టుకుని మిరపకోతకు దిగింది. హనుమాయమ్మ తిట్టిన తిట్లకి ఆ సాలులో పచ్చికాయలు అక్కడికక్కడే ఎర్రబడ్డాయి. ఫొటో మాత్రం కుదిరింది. ఎర్రటి చేను మధ్య రంగురంగుల కొంగుల గుండ్రం, బయటికి చూస్తున్న ఆడవాళ్ళు, ఒక్కరి మొహానా నవ్వు లేదు. కింద ప్రశాంతి రాసింది: 'మిరపచేలో మాకున్న మరుగు ఇదే.'

పోటీ చూసుకునే పద్మజ మేడం అది చదివి గొంతు తగ్గించింది. "నాకు తెలీదా అమ్మా? కానీ ఈ మాట బోర్డు మీద ఎట్లా పెడతాం? ముఖ్య అతిథి వస్తున్నారు, కమిటీ వాళ్ళు వస్తున్నారు." ఆమె బల్ల మీద స్టీలు సీసా మూత తీయకుండానే ఉంది. లేడీస్ బాత్రూం తాళం అటెండరు జేబులో ఉంటుంది, అటెండరు టీ బంకు దగ్గర ఉంటాడు. అది కాలేజీలో ఆడపిల్లలందరికీ తెలుసు.

మహిళా దినోత్సవం రోజు గ్రేసమ్మావాళ్ళు పని మాని ఆటోలో పేటకొచ్చారు. చేను లేని రోజు గదా, బస్టాండు దగ్గర చెరుకు రసం తాగి, పైన నీళ్ళు కూడా తాగారు. ఫొటోకి మొదటి బహుమతి కాగితం అంటించి ఉంది. కింద మాట మాత్రం మారింది. ప్రశాంతి చదివి వినిపించింది: 'పల్నాటి పడుచుల కోలాటం.'

"కోలాటమా?" అంది గ్రేసమ్మ.

"నా చీర బాగా పడింది," అంది పుల్లమ్మ.

ప్రశాంతికి ఆ ఫొటో చింపి పారేయాలనిపించింది. నోరు తెరిచి నిజం చెబితే లోపలున్నది ఎవరని అడుగుతారు. అమ్మకు ఒట్టేసింది. నోరు మూసుకుంటే అమ్మ ఈ జన్మంతా నిండు సీసాలు మోస్తుంది. నాన్న మొండితనమన్నాడు, రైతు కాయ రంగన్నాడు, మేడం మర్యాదంది. అందరికీ ఒక్కో మంచి మాట దొరికింది, తన దగ్గరున్న ఒక్క మాటకే బోర్డు మీద చోటు దొరకలేదు.

ముఖ్య అతిథి మైకు పట్టుకుని మురిసిపోయాడు. "కష్టంలో కూడా ఎంత ఆనందం! ఆ అమ్మలు వచ్చారా? ఒక్కసారి ఆ కోలాటం ఇక్కడ చూడాలనుంది."

ముందు వరుసలో కాలేజీ కమిటీ మెంబరుగా కూర్చున్న రైతు త్రికోటేశ్వరరావు లేచి వెనక్కి తిరిగాడు. "మా చేలోవాళ్ళేనండీ! ఎక్కండే, సిగ్గెందుకు?"

ప్రశాంతి భయంగా తల్లి వైపు చూసింది. గ్రేసమ్మ కూతుర్ని చూసింది, బోర్డును చూసింది, రైతును చూసింది. కొంగు దోపుకుని, "పదండే," అంది.

వేదిక ఎక్కాక హనుమాయమ్మకు అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది. "గోడ కట్టండే." గుండ్రంగా నిలబడ్డారు. మొహాలు బయటికి. కొంగులు చాచారు. గ్రేసమ్మ లోపలికి పోయింది, ఇక కనపడలేదు. హాలంతా చప్పట్లు. చప్పట్లు ఆగాయి. ఎవరూ కదల్లేదు.

"పాట అందుకోండమ్మా!" అన్నాడు అతిథి.

కొంగుల వెనక నుంచి గ్రేసమ్మ గొంతు వచ్చింది. "పాట ఉండదయ్యా. ఇది కోలాటం కాదు. చేలో మరుగు లేక మేం కట్టుకునే గోడ. ఆ ఫొటోలో లోపల ఒంటేలుకి కూర్చున్నది నేనే."

అతిథి మైకు కిందికి దించాడు.

"ఇయ్యాల కడుపునిండా నీళ్ళు తాగొచ్చాం. మీ కాలేజీ బాత్రూం యాడుందో చెబితే ఈ గోడ దించుతాం. లేదంటే ఇక్కడే."

ముందు వరుసలో తాళం ఎవరి దగ్గరుందని ఒకరినొకరు అడగడం మొదలైంది. త్రికోటేశ్వరరావు తన చెప్పుల్ని కొత్తగా కొన్నట్టు చూసుకుంటున్నాడు. పద్మజ మేడం స్టీలు సీసా మూత తీసి, అందరి ముందూ గటగటా తాగింది.

ప్రశాంతి ఫోను తీసి, వేదికకు వీపు పెట్టి, ముందు వరుస వైపు తిప్పింది.

"కదలకండి సార్. ఈసారి మొహాలు పడాలి."