పెర్సిస్ మేడమ్‌కి సన్మానం

భీమశంకరం గారికి తెలియని వైద్యం లేదు. వట్లూరు స్కూలుకి ఆయనే కరస్పాండెంటు, ఏలూరులోని ఒక వాకర్స్ క్లబ్బుకి ఆయనే ప్రెసిడెంటు. షుగరు, కీళ్ళనొప్పి, దిగులు, ఆఖరికి కోడలి కోపం కూడా తెల్లారుజామున నడిస్తే పోతుందని ఆయన సిద్ధాంతం. అలాంటి మహానుభావుడి దగ్గరికి వెళ్ళి, ఆ స్కూల్లో ఆటలు నేర్పే పెర్సిస్ ఒక కుర్చీ అడిగింది.

రెండోసారి కోవిడ్ వచ్చి తగ్గినప్పటి నుంచి ఆమె ఒళ్ళు ఆమె మాట వినడం లేదు. పిల్లలతో పరుగెత్తిన రోజు బాగానే ఉంటుంది. మర్నాడు మంచం దిగలేకపోతుంది, దువ్వెన ఎత్తితే చెయ్యి వణుకుతుంది. ఇది లాంగ్ కోవిడ్ అనీ, శక్తికి మించి శ్రమపడితే ఆ దెబ్బ ఆలస్యంగా తగులుతుందనీ విజయవాడ డాక్టరు చెప్పాడు. కానీ ఈసీజీ, ఎక్స్‌రే, రక్తపరీక్ష అన్నీ నార్మల్. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఊరంతా డాక్టర్లయిపోయారు. కొల్లేటి కొరమీను పులుసు తినమన్నవాళ్ళు కొందరు, బద్ధకం వదిలించుకోమన్నవాళ్ళు అందరూ.

"కూర్చునే ఆడిస్తానండీ సార్. విజిల్ ఉంది, నోరుంది. ఆట నేర్పడానికి అవి చాలండీ" అంది పెర్సిస్.

"డ్రిల్ మేడమ్ కుర్చీ వేసుకుంటే పిల్లలు మంచాలు వేసుకుంటారండీ" అని తన చమత్కారానికి తానే నవ్వుకున్నాడాయన. "శనివారం స్పోర్ట్స్ డేలో టీచర్ల పరుగుపందెం ఉంది కదా, పరుగెత్తి చూపించండి. వచ్చే ఏడాది మీరుంటారో లేదో తర్వాత చూద్దాం."

అంటే, పరుగెత్తలేకపోతే ఉద్యోగం ఉండదు. పరుగెత్తగలిగితే కుర్చీ అక్కర్లేదు. ఆ తెలివికి మనసులోనే ఒక దండం పెట్టి పెర్సిస్ బయటికొచ్చింది. తనూ తల్లి సారమ్మా బతుకుతున్నది ఆ జీతం మీదే.

శనివారం ఆమె పరుగెత్తింది. చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్య, కాళ్ళు మర్చిపోలేదు. అందరికంటే ముందు వచ్చింది.

భీమశంకరం మైకు లాక్కున్నాడు. "చూశారాండీ! కోవిడ్డూ లేదు, గీవిడ్డూ లేదు! అంతా మనసులోనే ఉంది! కరోనాని జయించిన వీరనారికి గట్టిగా చప్పట్లు!"

ఆ చప్పట్లు వింటుంటే పెర్సిస్‌కి ఒళ్ళు మండిపోయింది. ఓడిపోయినా బాగుండేది. గెలిచి, తన జబ్బు అబద్ధమని తానే సాక్ష్యం చెప్పినట్టయింది.

ఆదివారం ఆమె చర్చికి వెళ్ళలేదు. వెళ్ళడం మాట అటుంచి, పక్కకి ఒత్తిగిలే ఓపిక కూడా లేదు. సాయంత్రం క్లబ్బు పెద్దలు శాలువా, పూలదండ, ఫోటోగ్రాఫరుతో సహా రెండు కార్లలో దిగారు. వారానికొకరిని సన్మానించకపోతే వాళ్ళకి తిన్నది అరగదు.

"అమ్మాయి లేవలేకపోతోందండీ. ఇంకోరోజు రండి" అంది సారమ్మ గుమ్మంలో.

"లేవక్కర్లేదమ్మా, రెండు నిమిషాల పని" అన్నాడు భీమశంకరం. తెచ్చిన శాలువా వెనక్కి పట్టుకెళ్ళిన చరిత్ర ఆ క్లబ్బుకి లేదు.

పడుకున్న మనిషి మీద మెడ దాకా శాలువా కప్పారు. దండ గుండెల మీద పెట్టారు. వద్దని చెప్పే శక్తి లేక పెర్సిస్ కళ్ళు మూసుకుంది. పెద్దలంతా మంచం చుట్టూ చేతులు కట్టుకుని నిలబడి ఫోటో దిగారు. ఇంత చదువుకున్నవాళ్ళలో ఒక్కడికైనా అనుమానం రావద్దూ? రాలేదు. భీమశంకరం ఆ ఫోటోని స్కూలువాళ్ళూ క్లబ్బువాళ్ళూ ఉన్న వాట్సాప్ గ్రూపులో స్వయంగా పెట్టాడు.

కారు కదలకముందే జవాబులు మొదలయ్యాయి. "ఓం శాంతి." "ప్రభువునందు నిద్రించారా? ఎప్పుడండీ?" "అయ్యో, నిన్ననే కదా పరుగెత్తింది!" ఆ కిందే ఎవరో అడిగారు. "పరుగెత్తించింది ఎవరండీ?"

భీమశంకరం గబగబా టైపు చేశాడు: "మేడమ్ పోలేదండీ. నిన్నటి పరుగు వల్ల మంచం మీంచి లేవలేకపోతున్నారు, అంతే."

సారమ్మ ఆ మాట కూతురి ఫోన్లో చూసి పైకి చదివింది. పెర్సిస్ కళ్ళు తెరిచి, ఫోను ఇమ్మని చెయ్యి చాపింది. ఆగి ఆగి, ఒక్క వేలితో రాసింది.

"సార్ చెప్పింది నిజమేనండీ. బతికే ఉన్నాను. ఓపిక వచ్చాక వస్తాను. ఈలోగా కుర్చీ వేయించండి."