పొడుగు చేతుల జాకెట్టు

పొద్దున్నే గోడ పగుళ్ళలో తడిమట్టి కూరుతుంటే అత్తగారు అన్నారు, "ఊళ్ళోవాళ్ళ గోడలు చూసొచ్చింది చాలక మనింట్లోనూ అదే పనా?"

నా ఉద్యోగమే అది. ఇంటింటికీ తిరిగి పుండ్లున్నవాళ్ళ పేర్లు రాసుకోవాలి. గోడ పగుళ్ళలో దాక్కునే ఇసుక ఈగ కుట్టినచోట లేచే పుండు మానడానికి ఏడాది పట్టొచ్చనీ, మచ్చ మాత్రం ఉండిపోతుందనీ, సూది మందు వేయించుకోమనీ చెప్పాలి. జబ్బున్న ఇంటి తలుపు మీద సుద్దతో సున్నా చుడితే మర్నాడు ఈగల మందు కొట్టేవాళ్ళు వస్తారు. ఆ ఈగ దోమలో మూడోవంతు కూడా ఉండదు. చప్పుడు చెయ్యకుండా తన పని తాను చేసుకుపోతుంది, అచ్చం మనలాగే అంటే ఆడవాళ్ళు నవ్వుతారు.

మూడు నెలల కిందట నా మోచేతి మీదే ఆ పుండు లేచింది. చూపిస్తే మా ఆయన మిషను ఆపి తల పట్టుకున్నాడు. ముందుగదే ఆయన కుట్టుకొట్టు. "మన తలుపు మీద సున్నా పడితే బట్టలెవరిస్తారే? పొడుగు చేతుల జాకెట్టు కుట్టిపెడతాలే, కప్పుకో." పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆయన నాకోసం అడక్కుండా కుట్టింది అదొక్కటే. సంతోషించాను కూడా, సిగ్గులేకుండా. ఆ చెయ్యితో వంట మానమని గానీ, బట్టలు ఉతకొద్దని గానీ ఎవరూ అనలేదు. రిజిస్టర్లో మా ఇంటి నంబరు ఎదురుగా 'లేదు' అని మూడుసార్లు రాశాను. అందరికీ చెప్పే సూది మందు నేను వేయించుకోలేదు.

మట్టి చేతులు కడుక్కుని మా అమ్మాయికి జడ వేస్తుంటే చెంప మీద ఎర్రగా కనిపించింది. నొప్పి లేదంది. నా పుండు మీద వాలిన ఈగే దాని చెంప మీదా వాలి ఉంటుంది. ఈ పాపం నాదే.

"మొటిమేమోలే" అన్నాడు ఆయన. నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "పోనీ, దానికో పెద్ద చున్నీ కుడతా. కప్పుకుంటుంది."

కొలతలకని టేపు తీశాడు. అమ్మాయి బుద్ధిగా లేచి నిలబడింది.

నేను ఆయన కత్తెర తీసుకుని నా జాకెట్టు చేతులు మోచేతుల పైకి కత్తిరించేశాను. సంచిలోంచి సుద్ద తీసి, వీధి తలుపు మీద అందరి ఇళ్ళకన్నా పెద్ద సున్నా చుట్టాను.

"మందు కొట్టేవాళ్ళు పుండు ఎవరికని అడిగితే ఏం చెప్తావే?" అన్నాడు వెనకనుంచి.

"ముందు నాకని చెప్తాను."