మంచి బాపు

బాలకిషన్ చెడ్డవాడు కాదు. ఈ మాట మొదటే చెప్పేస్తే నా పని తీరుతుంది. ఎందుకంటే కాసేపట్లో మీకు అతని మీద ఒళ్ళు మండుతుంది. నాకూ మండింది. సిరిసిల్లలో ఆసామి దగ్గర, అంటే యజమాని దగ్గర, నాలుగు సాంచలు నడిపేవాడు. సాంచలంటే మరమగ్గాలే. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆ మోతలో నిలబడి తెగిన పోగునల్లా ముడివేస్తూ తిరిగే మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఇక నాలుగేళ్ళ కూతురు మంజుల దగ్గరైతే "లేదు" అన్న మాటే అతని నోట పుట్టలేదు. "బాపూ" అంటూ మెడకు వేలాడితే చాలు, ఏది అడిగితే అది చేతిలో పెట్టాల్సిందే.

మంజులకు రెండేళ్ళప్పుడు బుగ్గల మీదా మోచేతుల మడతల్లోనూ ఎర్రటి పొక్కులు లేచాయి. తల్లి రత్నమాల పుట్టిల్లు కోరుట్ల. అక్కడికి పోయినప్పుడు ఆ వీధి ఆర్ఎంపీకి చూపిస్తే ఆయన ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. మూడు పూటలు రాశారో లేదో, బుగ్గలు కడిగిన గిన్నెల్లా మెరిశాయి. ఇంకేముంది! ఆ ట్యూబు ఇంట్లో ఉప్పూ పసుపుల్లో చేరిపోయింది. ఆపిన మూడోనాటికి ఎరుపు తిరిగొచ్చేది, రాగానే మళ్ళీ రాసేవారు. చీటీ ఏదని అడిగిన దుకాణం లేదు. అలా రెండేళ్ళు గడిచాయి. పిల్ల దానికి పేరు కూడా పెట్టుకుంది, "సల్లటి మందు" అని.

ఎనభై తొమ్మిది ఎండాకాలంలో ఎక్కడో అడవిలో ఎన్‌కౌంటర్ జరిగింది. అన్నలు బందు అన్నారు. ఎవరో ఒక బస్సు తగలబెట్టారు, ఊళ్ళోకి పోలీసు బండ్లు దిగాయి, వారం రోజులు దుకాణం తలుపు తెరుచుకోలేదు. సరిగ్గా ఆ వారమే ట్యూబు అయిపోయింది. రత్నమాల దాన్ని బ్లేడుతో నిలువునా కోసి, లోపల అంటుకున్నది గీకి మరీ రాసింది. ఆ తర్వాత రాయడానికి ఏమీ లేదు. ఆరో రోజుకు పిల్ల ముఖం వాచిపోయి కళ్ళు మూతపడ్డాయి. చెంపల నుంచి నీరు కారుతోంది. పొద్దున దుప్పటి దులిపితే పొట్టు రాలుతోంది.

"అమ్మవారు అచ్చిందే, ఇంట్ల ఎవ్వలు చెప్పులతోని తిరగద్దు" అని బాలకిషన్ తల్లి లసుమవ్వ గుమ్మానికి వేపరెమ్మలు కట్టింది.

బస్సులు నడిచిన మొదటి రోజే మొగుడూ పెళ్ళాలు పిల్లను జగిత్యాలలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. రత్నమాల కొంగుముడి విప్పి కోసిన ట్యూబు చూపించింది. డాక్టరు దాన్ని చూసి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎన్నొద్దుల సంది పూస్తున్నరు?"

"రెండేండ్లాయె సారూ."

"పిల్లకున్న అసలు రోగం గోరంతనే. ఇప్పుడు మీరు చూస్తున్నది ఈ మందు తెచ్చింది, తోలు దీనికి అలవాటు పడ్డది. మీ తప్పు గాదు, ఇచ్చినోళ్ళు మీకు చెప్పలె. ఇగ దీన్ని ముట్టద్దు. ముట్టకుంటే ముందుగాల ఇంకా పెరుగుతది. మంట, దురద, నీళ్ళు కారుడు, నిద్ర పట్టకపోవుడు. నెలనో, మూడు నెలలో, నేను తారీఖు చెప్పలేను. మధ్యల పూసిన్రా, చేసిందంత మళ్ళ మొదటికచ్చినట్టే."

"నా బిడ్డ బతుకుతదా సారూ?"

"బతుకుతది తల్లీ. తగ్గుతది కూడా. మీరే ఓర్సుకోవాలె. జరమచ్చినా, చీము పట్టినా ఆగకుండ తీస్కరా." దురదకు ఒక సిరప్ రాసిచ్చాడు. కొబ్బరినూనె, చల్లటి తడిగుడ్డ, అంతే అన్నాడు.

ఆ సాయంత్రమే రత్నమాల గోడ మేకుకు ఒక తెల్ల దారం వేలాడదీసింది. మందు ముట్టని ఒక్కో రోజుకు ఒక్కో ముడి. బీడీలు చుట్టడం మానేసింది. ఎంత కడిగినా చేతికి అంటిన తంబాకు వాసన పోదు, ఆ చేత్తో పచ్చిపుండును ఎలా తాకుతుంది? పాత మెత్తటి ధోతిని చింపి పిల్ల చేతులకు సంచులు కుట్టింది, గోకకుండా. రోజంతా తడిగుడ్డ మార్చడం, నూనె రాయడం, ఒళ్ళో వేసుకుని ఊపడం. చేసిందంతా ఆమే. తిట్లు తిన్నదీ ఆమే.

"అమ్మా, సల్లటి మందు పెట్టు."

"లేదు బిడ్డా."

"ఉన్నది! నువ్వే దాసిపెట్టినవ్. నువ్వు చెడ్డదానివి. నాకు బాపు కావాలె."

బాపు ఎక్కడున్నాడు? సాంచల దగ్గర. ఆ మోతలో ఏ ఏడుపూ వినబడదు. పన్నెండు గంటల షిఫ్టు సుఖంగా అనిపించిన రోజులు అతని జన్మలో అవే. ఆ సంగతి తనకు తెలుసు, తెలిసి సిగ్గుపడ్డాడు కూడా. సిగ్గుపడి మళ్ళీ పనికే పోయాడు.

ఇరవై నాలుగో ముడి పడిన రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది, సాంచలు ఆగాయి, అతను ఇంటికి వచ్చాడు. రత్నమాల నీళ్ళకు పోయింది. మంజుల గడపకు ముఖం ఆనించి రుద్దుకుంటోంది, చేతులకు సంచులున్నాయి కనక. చెక్క మీద నెత్తురు మరక. అతను ఉరికి ఎత్తుకుంటే, వాచిన కళ్ళతో అతన్ని చూసి, "బాపూ, నువ్వు మంచోనివి గదా" అంది. అంతే. ఆ మాటకు అతని గుండె నీరైపోయింది.

మర్నాడు ఆసామి పని మీద పోతున్నానని ఇంట్లో చెప్పి కోరుట్ల బస్సెక్కాడు. సిరిసిల్లలో మందుల దుకాణంవాళ్ళు రత్నమాలకు చెబుతారని భయం. తిరిగి వస్తుంటే దారిలో పోలీసులు బస్సాపి అందరినీ దింపారు. వరసలో నిలబెట్టి జేబులు తడుముతుంటే బాలకిషన్ గడగడ వణికాడు. ఆ వణుకు చూసి జవాను ఇతన్నే పట్టుకున్నాడు.

"ఏందిరా గట్ల వణుకుతున్నవ్? ఎవలకు మోస్తున్నవ్? తియ్ బయటికి!"

బయటికి వచ్చింది ట్యూబు. జవాను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. "ఓర్నీ, దీనికా! మా పిల్లకు గూడ గిదే పూస్తం. మస్తు పనిచేస్తది, పో."

పోలీసులకైతే భయపడలేదు మహానుభావుడు. ఆ వణుకంతా పెళ్ళానికి తెలుస్తుందని.

రోజూ పొద్దున్నే రత్నమాల నీళ్ళకు నల్లా దగ్గరికి పోగానే, బియ్యపుగింజంత తీసి పిల్ల బుగ్గలకు రాసేవాడు. "అమ్మకు చెప్పద్దు" అంటే, "చెప్ప" అని పిల్ల కిలకిల నవ్వేది. కొంచెం కొంచెం తగ్గిస్తూ తానే మాన్పిస్తానని మనసుకు చెప్పుకున్నాడు. నాలుగో రోజుకు చెంపలు ఆరిపోయాయి. వారానికి పిల్ల ముఖం పిల్ల ముఖంలా అయింది.

రత్నమాల చేతి వెనకభాగంతో ఆ బుగ్గను నెమ్మదిగా తాకి చూసుకుని భోరున ఏడ్చింది. లసుమవ్వ వాడకట్టంతా తిరిగి, "నా కోడలు ఓర్సి గెలిచింది" అని చాటింపు వేసింది. ఆ రోజు అన్నం వడ్డిస్తూ రత్నమాల అంది, "నేను ఆగలేనేమో అనుకున్న. ఇంకొక్క వారమైతే నేనే పోయి తెచ్చి పూద్దునేమో." బాలకిషన్ ముద్ద కలుపుతూనే ఉన్నాడు. ఇప్పుడు చెప్పాల్సింది. రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు అలాగే వాయిదా పడుతూ పోయింది.

ఒక్కటే రత్నమాలకు అంతుబట్టలేదు. "మొఖం మంచిగైంది గదా. మరి నా దగ్గరికి ఎందుకస్తలేదు? ఎత్తుకోబోతే గుంజుకొని ఉరుకుతది." బాలకిషన్ కంచంలోనే చేయి కడుక్కుని లేచాడు.

ముప్పై ఆరో ముడి వేసిన రోజు పొద్దున నాగవ్వ వచ్చింది. వెనక వాడలో కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. చంకలో ఎనిమిది నెలల కొడుకు, వాడి బుగ్గలు సరిగ్గా మంజుల పాత బుగ్గలే. ఆమె చేతిలో అదే ట్యూబు.

"అక్కా, ఇయ్యాల్టి సంది బంద్ చేస్తున్న. నువ్వు ఎట్ల చేసినవో చెప్పు. ఎన్నొద్దులకు తగ్గింది?"

రత్నమాల దారం దించి ముడులు లెక్కపెట్టి చూపించింది. "గీడిదాక నరకమే చెల్లే, అబద్ధం చెప్ప. గీ ఇరవై నాలుగు దాటినంక ఎవ్వలో చేత్తోని తీసేసినట్టు ఎండింది. నువ్వు ఇరవై నాలుగొద్దులు పండ్లు బిగవట్టు, సాలు."

నాగవ్వ ఆ ముడి మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ తన ఇరవై నాలుగు రోజులు లెక్క వేసుకోసాగింది. చొక్కా తొడుక్కుంటున్న బాలకిషన్ చేతులు ఆగిపోయాయి. ఇరవై ఐదో రోజున ఆ చంటివాడు ఒళ్ళంతా రసి కారుతూ ఏడుస్తుంటే, ఈ పిల్ల ఏమనుకుంటుంది? తనలోనే ఏదో లోపముందనుకోదూ?

"గది అబద్ధం" అన్నాడు.

ఇద్దరు ఆడవాళ్ళూ తలెత్తి చూశారు.

"ఎండలేదు. నేనే పూసిన. కోరుట్ల నుంచి తెచ్చి పూసిన."

లసుమవ్వ లోపలి నుంచి "ఏందిరా?" అంది. రత్నమాల దారం వైపే చూస్తూ అడిగింది, "ఎన్నొద్దులు?"

"పన్నెండు."

"ఏది?"

పని చొక్కా లోపలి జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె అరవలేదు. అరిస్తే అతనికి బాగుండేది.

"పిల్ల నన్ను చూసి మొఖం తిప్పుకుంటుంటే, ఏం పాపం చేసిన్నో అని ఏడ్చిన. నేను రాచ్చసిని, నువ్వు మంచి బాపువు. గంతేనా?" ట్యూబును పిడికిట బిగించింది. "మందు కన్న గదే నన్ను కాల్చింది. విను, రేపటి సంది పిల్లకు 'లేదు' అనే మాట నేను చెప్ప. నువ్వే చెప్పాలె."

నాగవ్వ కొడుకును సర్దుకుని లేచింది. "అన్నా, చెప్పినవ్, మంచిదైంది. ఇగ ఒద్దులు లెక్కపెట్ట, తగ్గేదాక ఓర్సుకుంట" అని వెళ్ళిపోయింది. అతను కత్తెర తీసుకుని ముడులున్న దారమంతా కోసేశాడు. మేకుకు ఒట్టి కొస మిగిలింది. దానికి సాంచల దగ్గరి కొత్త దారం అతికించాడు. ఆసామి దగ్గరికి పోయి, ఏం చెప్పుకున్నాడో ఏమో, పది రోజులు పనికి రానన్నాడు.

మూడో రోజుకు ఎరుపు తిరిగొచ్చింది, ముందుకన్నా ఎక్కువగా. మంజుల సంచుల చేతులతో అతని జేబులు తడిమింది. చొక్కా జేబు, లోపలి జేబు, మళ్ళీ చొక్కా జేబు.

"బాపూ, సల్లటి మందు పెట్టు."

రత్నమాల పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఇటు తిరగలేదు.

"లేదు బిడ్డా."

పిల్లకు అర్థం కాలేదు. ఆ మాట ఈ నోటి నుంచి ఎన్నడూ వినలేదు. "తే" అంది. "తేను" అన్నాడు. "నువ్వు మంచోనివి గదా!" అంది. అతని కళ్ళు నిండాయి, అయినా తల అడ్డంగా ఊపాడు. అప్పుడు కొట్టడం మొదలుపెట్టింది. ముఖం మీద, ఛాతీ మీద, ఆ గుడ్డసంచుల చేతులతో దబదబా కొట్టింది. "చెడ్డ బాపు! చెడ్డ బాపు!" అతను ఆపలేదు, ముఖం పక్కకు తిప్పుకోలేదు. తడిగుడ్డ పిండి చెంపకు పెట్టబోతే విసిరికొట్టి, ఏడుస్తూ అతని ఒళ్ళోంచి దిగి, గది దాటిపోయి తల్లి ఒళ్ళో పడింది.

నెల దాటాక ఆ ఒళ్ళోకి తనంతట తాను రావడం అదే మొదటిసారి. రత్నమాల పిల్ల వీపు మీద చెయ్యి వేసి ఊపుతూ, చాలాసేపటికి బాలకిషన్ వైపు చూసి, గడ్డంతో గోడ మేకును చూపించింది.

అతను లేచి ఆనాటి ముడి వేయడానికి దారం అందుకున్నాడు. రోజుకు వందసార్లు కళ్ళు మూసుకుని వేసే ముడే. రెండుసార్లు జారింది. మూడోసారికి పడింది.