ఐసు తొడుగులు

మందు సీసా తగిలించేలోపు రవికెకు హుక్కులు కుట్టుకుందామని సుచరిత సూదిలో దారం ఎక్కించింది. ఒక్కసారికే ఎక్కింది. పక్క కుర్చీలోని లక్ష్మీనర్సమ్మ అది చూసి ముఖం గోడవైపు తిప్పుకుంది.

నల్గొండ దవాఖానలో ఇద్దరిదీ ఒకటే రొమ్ము క్యాన్సర్, ఒకటే మందు, ప్రతి మంగళవారం పక్కపక్క కుర్చీలే. తేడా అల్లా సుచరిత కాళ్ల దగ్గరి డబ్బాలో ఉంది. మందు ఎక్కినంతసేపూ ఆమె ఐసు నింపిన తొడుగుల్లో చేతులు పెట్టుకుంటుంది. చల్లదనానికి వేళ్లలోకి రక్తం తగ్గి, మందు అక్కడి నరాలను అంతగా దెబ్బతీయదని నర్సు మల్లిక మొదటిరోజే ఇద్దరికీ చెప్పింది. అందరికీ పనిచేస్తుందని మాట ఇవ్వలేనని కూడా చెప్పింది.

లక్ష్మీనర్సమ్మ భర్త ఐలేశం వినలేదు. వానకు తడిసిన గొర్రెపిల్లలను గొంగడిలో చుట్టి బతికించిన మనిషి. రోగంతో ఉన్నదానికి చలి తగలనిస్తారా అంటూ ఆమె చేతులు రెండూ గొంగడితో కప్పి, పైన తన అరచేతులు వేసి కూర్చున్నాడు. మూడు వారాలు అట్లాగే. ఆ తర్వాత ఒక పొద్దున ఆమె మేక పొదుగు పట్టుకుంటే, చేతిలో ఏమున్నదో తెలియలేదు. ఆయన మీద కోపం రాలేదామెకు. వచ్చిందంతా సుచరిత మీదికి పోయింది.

ఈ మంగళవారం ఐలేశం చాయ్‌కి వెళ్లాడు. ముందు సుచరితకే మందు మొదలైంది. చేతులెట్లున్నాయని సుచరిత మెల్లగా అడిగింది.

"ఇంటికాడ నేను గూడ ఐసు పెట్టుకున్న, చెల్లె," అంది లక్ష్మీనర్సమ్మ. "దానితోనే నా వేళ్లు సచ్చినయ్."

సుచరిత గబుక్కున తొడుగుల్లోంచి చేతులు లాగి, తొడుగులను డబ్బాలో పడేసింది. తడి వేళ్లు చీర కొంగుకు తుడుచుకుని, ఒక్కొక్కటే ముడిచి చూసుకుంది. చిట్యాలలో ఆమె కుట్టుమిషన్ మీదనే ఇల్లు గడుస్తుంది.

సీసాలో చుక్క వెంట చుక్క రాలుతోంది. లక్ష్మీనర్సమ్మకు ముందు కడుపు చల్లబడినట్టయింది. కాసేపటికి ఆ చుక్కలను చూడలేకపోయింది.

"గవి మళ్ల పెట్టుకో," అంది. "అబద్ధం జెప్పిన. నేను ఐసు ముట్టనే లేదు."

"ఎందుకు జెప్పినవక్కా?"

"నీ సూదిల దారం ఎక్కుతాంది."

సుచరిత మందు సూది గుచ్చిన చెయ్యి వంచలేక, డబ్బా వైపు చూసింది. లక్ష్మీనర్సమ్మ వంగి తొడుగులు పైకి తీసింది.

"కరిగినయా, ఇంక గట్టిగనే ఉన్నయా?" అని అడిగింది సుచరిత. గొంతులో ఇంకా కోపముంది.

లక్ష్మీనర్సమ్మ నొక్కి చూసింది. మళ్లీ నొక్కింది. తర్వాత తొడుగు మూతి విప్పి, లోపలికి తొంగి చూసి చెప్పింది.

"గట్టిగనే ఉన్నయ్."