మాస్టర్ చెవులు

పరీక్ష ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకి. బుధవారం నుంచే నాకు ముద్ద దిగడం మానేసింది. అరవై తొమ్మిదేళ్ళవాణ్ణి, సొంత కొట్టులో, సొంత కుర్చీలో, నలభై ఏళ్ళ స్నేహితుల మధ్య కూర్చుని పాట వినడానికి భయపడ్డానంటే నవ్వుతారు. నవ్వండి. పడ్డవాడికి తెలుస్తుంది ఆ భయం ఎలాంటిదో.

సకాతా రేవు వెనక వీధిలో మాది పాటలు వినే కాఫీ కొట్టు. రికార్డు తిరుగుతున్నంతసేపూ ఎవరూ నోరు విప్పకూడదు. కావలసిన పాట చీటీ మీద రాసి ఇవ్వాలి. దగ్గొస్తే బయటికి వెళ్ళి మంచులో దగ్గి రావాలి. ఒకసారి ఎవరికో కొడుకు పుట్టాడని కబురు తెచ్చిన మనిషిని కూడా, రికార్డు ఆ వైపు పూర్తయ్యేదాకా గుమ్మంలోనే నిలబెట్టాను. అంత పొగరు నాకు. కొట్టుకి వచ్చేవాళ్ళంతా నన్ను మాస్టర్ అంటారు, మాస్టర్ చెవులకి తిరుగులేదంటారు. ఆ మాటలు విని విని నేనూ నమ్మాను.

ఏటా ఫిబ్రవరిలో, బేరాలు చచ్చిన ఒక ఆదివారం, పరీక్ష పెట్టుకుంటాం. ఆ ఏడాది మాలో ఎవరు పాట వినిపించే కొత్త సరుకు కొన్నా దాన్నీ పాతదాన్నీ తెర వెనక పెట్టి, ఒకే పాటని రెండుసార్లు వింటాం. తెర వెనక తీగలు మార్చేది మా ఆవిడ ఫుసయే. ఆమెకి ఈ సరంజామా మీద మోజు లేదు కాబట్టి పక్షపాతం ఉండదని ఆ పని ఆమెకి అప్పజెప్పాం. అందరం చేతులు కట్టుకుని కళ్ళు మూసుకుని వింటాం. ఆ తర్వాత కొత్తది మొదటిదో రెండోదో చీటీ మీద రాస్తాం. ఇరవై ఏళ్ళలో నేను ఒక్కసారీ తప్పలేదు.

ఈసారి కొత్త సరుకు నాదే. గాజు వాల్వుల ఆంప్లిఫయరు. ఖరీదు ఇరవై ఎనిమిది లక్షల యెన్లు. పైన మేముండే గదులు చలికాలం మంచుగడ్డలు. ఆ నేల కింద వేడి గొట్టాలు వేయించుకోవాలని ఫుసయే పుట్టింటి పొలం అమ్మిన డబ్బు దాచుకుంది. ఆ డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను అడగలేదు. అడగకుండా ఇచ్చేదాకా నెలల తరబడి మొహం వేలాడేసుకు తిరిగాను, అంతే.

కొనడానికి కారణం ఉంది. పాటల్లో డ్రమ్ముల పక్కన ఇత్తడి తాళం ఉంటుంది చూశారూ, సన్నటి పుల్లతో తాకితే చినుకు రాలినట్టు మోగేది, అది నా కొట్టులో మసకబారుతూ వచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట స్పీకరు తీగలు మార్చాను. కొన్నాళ్ళు బాగానే ఉన్నట్టు అనిపించి మళ్ళీ మసక. వీధి కరెంటులో మకిలి ఉందన్నారు. కొట్టు ముందు నాకంటూ ప్రత్యేకం ఒక కరెంటు స్తంభం నాటించుకున్నాను. ఎదురింటి చేపల కొట్టావిడ ఆ రోజు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఆ కరెంటుతో కాలిస్తే చేపకి రుచి ఎక్కువొస్తుందా మాస్టర్?" అని అడిగింది. వీధంతా నవ్వింది. మసక మాత్రం పోలేదు. స్పీకరు పెట్టె వెనక సన్నటి శబ్దాలకి విడిగా ఒక మర ఉంటుంది. ఆ శబ్దాలు పెరగడానికి దాన్ని ఏడాదికింత కుడివైపు తిప్పుకుంటూ పోయాను. ఆ తర్వాతే ఈ ఆంప్లిఫయరు.

కొన్న నెలకి కూడా తాళం వినబడకపోయేసరికి నా గుండెల్లో రాయి పడింది. అప్పుడు తట్టింది ఇంకో అనుమానం. ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. అందుకని బుధవారం ఫుసయేతో పాత రికార్డులు చూసొస్తానని అబద్ధం చెప్పి, రైలెక్కి నీగతా పట్నం వెళ్ళాను. రెండు గంటల ప్రయాణంలో కిటికీలోంచి సముద్రం వంక కూడా చూడలేదు.

గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, శబ్దం వినబడగానే మీట నొక్కమన్నారు. కాసేపు నొక్కాను. ఆ తర్వాత ఏమీ రాలేదు. అద్దంలోంచి డాక్టరు చెయ్యి మర తిప్పడం కనబడుతోంది. ఆ చెయ్యి కదిలినప్పుడల్లా నొక్కడం మొదలుపెట్టాను. సిగ్గులేనితనం అంటే అదే. ఆయన నా వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా కుర్చీ తిప్పుకుని వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ గదిలో నాకు నా ఊపిరి తప్ప ఇంకేమీ వినబడలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చేతిలో మీట చెమటకి జారిపోతోంది.

కాగితం మీద గీత సగం దాకా తిన్నగా వచ్చి, అక్కడినుంచి కొండ చరియలా పడిపోయింది. పడిపోయిన చోటు పెన్నుతో చూపిస్తూ ఆయన నెమ్మదిగానే చెప్పాడు. "ఇక్కణ్ణించి పైన సన్నటి శబ్దం మీకేం లేదండీ. ఎనిమిదీ పదేళ్ళ నుంచీ పోతూ వచ్చుంటుంది. మీరేం పని చేస్తారు?"

కాఫీ కొట్టు అని చెప్పి ఊరుకున్నాను. పాటల సంగతి ఎత్తలేదు.

తిరుగు రైల్లో లెక్క తేలింది. తీగలు, స్తంభం, ఆంప్లిఫయరు, వీటిలో దేనికీ ఏ జబ్బూ లేదు. జబ్బు నా తలకి రెండు పక్కలా ఉంది. నేను పెళ్ళాం వెచ్చదనం అమ్మి, నా చెవుల్లో లేనిదాన్ని కొట్టులో కొనుక్కున్నాను. ఆదివారం నలుగురి ముందు అది బయటపడితే మాస్టర్ అన్న మాట పోతుంది, కొట్టు పోతుంది. అదైనా భరించగలనేమో. ఆ ఇరవై ఎనిమిది లక్షలూ బూడిదలో పోశానని తెలిశాక ఫుసయే నా వంక చూసే చూపు మాత్రం భరించలేను.

గురువారం, శుక్రవారం ఆమె కూరగాయలకి వెళ్ళినప్పుడల్లా తలుపేసుకుని పాతదీ కొత్తదీ మార్చి మార్చి విన్నాను. తేడా లేదు. స్పీకరులో తల దూర్చి విన్నాను. లేదు. శనివారం తొగాషి వచ్చాడు. వాడు నాతో బడిలో చదివినవాడు, సారా బట్టీ కొడుకులకి అప్పజెప్పి ఖాళీగా ఉన్నాడు. కుర్రకారు ఈమధ్య మా కొట్టుకి రావడం మానేశారని, వచ్చినా ఒక పాటకే లేచిపోతున్నారని మాట వచ్చింది. "పోనీలేవోయ్. వాళ్ళకి ఇంత సరుకు వినిపించడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే" అన్నాడు తొగాషి. గుమ్మడికాయల దొంగలాగా నా చెయ్యి దానంతటదే చెవి మీదికి వెళ్ళింది. వాడు చూశాడేమోనని ఆ రాత్రంతా నిద్రలేదు.

అప్పటికే నాకొక ఎత్తు దొరికింది. మాతో కూర్చుని వినే పళ్ళ డాక్టరు నిరసావా గారికి పాటలో సన్నటి శబ్దం బాగుంటే కనుబొమలు పైకి లేస్తాయి. అందరూ కళ్ళు మూసుకునే ఉంటారు కదా, నేను మాత్రం తెరిచి ఆయన కనుబొమలు చూసి రాస్తాను. దొంగతనమే. కానీ మునిగేవాడు పట్టుకునే గడ్డిపోచని ఎవరి పొలంలోదని అడగడు.

ఆదివారం మంచు ఆగకుండా కురిసింది. తొగాషి, నిరసావా గారు, బడిలో సైన్సు చెప్పి రిటైరైన ఇవాబుచి గారు, ముగ్గురూ బూట్లు దులుపుకుని వచ్చారు. ఫుసయే దుంపల పులుసు పెట్టింది. చలి అని తలకి ఎప్పటిలాగే ఉన్ని గుడ్డ చుట్టుకుంది. ఈ అయిదారేళ్ళుగా కొట్టులో ఉన్నంతసేపూ అది తియ్యదు. నా గిన్నెలో పులుసు అలాగే ఉండటం చూసి, వంట్లో బాగాలేదా అని మెల్లిగా అడిగింది. ఆకలి లేదన్నాను. ఆమె గిన్నె తీసుకుని తెర వెనక్కి వెళ్ళింది.

మొదటిసారి పాట మోగింది. ధైర్యం చాలక కళ్ళు మూసుకునే ఉన్నాను. రెండోసారి మొదలైంది. తేడా ఏమీ తెలియలేదు. ఇక లాభం లేదని కళ్ళు తెరిచాను.

నిరసావా గారు కళ్ళు తెరిచే ఉన్నారు. ఇవాబుచి గారి వంక చూస్తున్నారు. ఇవాబుచి గారు తొగాషి వంక చూస్తున్నారు. తొగాషి, బడినాటి స్నేహితుడు, రెప్ప వెయ్యకుండా నా మొహంకేసి చూస్తున్నాడు.

ఒక్క క్షణం నలుగురం తేలు కుట్టిన దొంగల్లా ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. మరుక్షణం నాలుగు జతల కళ్ళూ మూతపడ్డాయి. నాకు నవ్వు రావలసింది. రాలేదు. ఇన్నేళ్ళూ వీళ్ళు నా మొహం చూసి రాశారు. నేను తప్పలేదంటే, నాతో కలిసి తప్పడానికి అందరూ ఉన్నారన్నమాట. ఈ గదిలో వింటున్నవాడు ఒక్కడూ లేడు.

మరి వింటున్నదెవరు? ఆ ఆలోచన రాగానే మళ్ళీ కళ్ళు తెరిచాను. నా కుర్చీ గోడవార ఉంటుంది. అక్కణ్ణించి తెర పక్క సందు కనబడుతుంది. సందులో ఫుసయే నిలబడి ఉంది. రెండు అరచేతులూ ఉన్ని గుడ్డ మీదనుంచి చెవులకి నొక్కిపెట్టుకుంది. పళ్ళు బిగించింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. డ్రమ్ము మీద వాయించేవాడి చెయ్యి ఎప్పుడు తాళం మీదికి వెళుతుందో నాకు ఆమె భుజాలు తెలియజేస్తున్నాయి. ప్రతి దెబ్బకీ ఉలిక్కిపడుతోంది.

ఏడాదికింత, ఏడాదికింత కుడివైపు నేను తిప్పిన మర గుర్తొచ్చింది. ఒక పాటకే లేచిపోయిన కుర్రాళ్ళు గుర్తొచ్చారు. మాట్లాడకూడదని నేనే రూలు పెట్టాను. వాళ్ళు మర్యాదగా డబ్బులిచ్చి, వంగి దణ్ణం పెట్టి, చెవులు పట్టుకుని మంచులోకి పారిపోయారు. వాళ్ళయితే పారిపోయారు. ఈమె ఎక్కడికి వెళుతుంది? బుధవారం నుంచి నేను పడ్డ భయం అంతా ఉత్తదని, అసలు భయపడవలసింది దీనికని అప్పుడు తెలిసింది.

పాట ఆగింది. ఆమె మొహం తుడుచుకుని, నవ్వుతూ పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చింది. ఉన్ని గుడ్డ పక్కకి జరిగి ఉంది. చెవిలో దూది తెల్లగా కనబడింది. నేను చీటీ మీద రాయవలసినది రాసి పళ్ళెంలో వేశాను.

ఒక్కొక్క చీటీ విప్పి పైకి చదవడం ఆమె పనే. తొగాషి రెండోది అన్నాడు. నిరసావా గారు రెండోది. ఇవాబుచి గారు మొదటిది అని రాసి కొట్టేసి రెండోది అని రాశారు. నా చీటీ విప్పింది. అందులో ఉన్నది ఒక్కటే ముక్క. "నాకు వినబడటం లేదు." ఆమె దాన్ని ఇంకెవరికీ చూపించలేదు. మడిచి ఆప్రాన్ జేబులో పెట్టుకుంది.

"మాస్టర్ కూడా రెండోదే అన్నారు. అదే రైటు" అంది.

ముగ్గురూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఆ ఆంప్లిఫయరుకి పెట్టిన ప్రతి యెన్నూ దక్కిందని నిరసావా గారు అన్నారు. పొద్దు గుంకకముందే వెళ్ళాలని అందరూ తొందరగా లేచారు. పోతూ తొగాషి నా భుజం తట్టాడు గాని, కళ్ళలోకి చూడలేదు.

తలుపు మూసుకున్నాక నేను నీగతా కాగితం తీసి కప్పుల పక్కన పెట్టాను. ఎప్పణ్ణించి అలా చెవులు మూసుకుంటున్నావని అడిగాను. తీగలు మార్చిన రెండేళ్ళ తర్వాత నుంచి అంది.

"ఒక్కసారైనా చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పనండీ? అంతంత పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని వింటున్నారు. మీరు ఆహా అంటున్నారు. ఇంత ఖరీదు పెట్టిందాన్ని వినడానికి నా చెవులే చవకవి అనుకున్నా." ఆమె ఉన్ని గుడ్డ సర్దుకుంది. "డబ్బులిచ్చాక అలవాటవుతుందేమో అనుకున్నా."

కొత్తది నిజంగా రెండోదేనా అని అడిగాను. ఏమో, చెవులు మూసుకునే తొందరలో ఏ తీగ ఎందులో పెట్టిందో చూసుకోలేదంది.

నేను లేచి స్పీకరు పెట్టె వెనక్కి వెళ్ళాను. మర చుట్టూ మొదటి ఏడాది నేను గీసిన తెల్లటి గీత ఇంకా ఉంది. రికార్డు పెట్టమన్నాను. పెట్టింది. మర ఎడమవైపు తిప్పాను. "చాలా?" అని అడిగాను. ఇంకొంచెం అంది. ఇంకా తిప్పాను. ఇంకొంచెం. తెల్ల గీత దగ్గరికి వచ్చేసరికి ఆమె ఇక ఇంకొంచెం అనలేదు. తొంగి చూశాను. ఉన్ని గుడ్డ ఒళ్ళో ఉంది. వేళ్ళతో దూది తీసి గిన్నెలో పెట్టింది. కొట్టుకి వచ్చేవాళ్ళు కూర్చునే కుర్చీలో, స్పీకర్లకి ఎదురుగా కూర్చుంది. అక్కడ ఆమె కూర్చోగా నేను చూసి ఎన్నేళ్ళయిందో.

నాకు తాళం పూర్తిగా పోయింది. అంతవరకూ ఏదో మిగిలిందనుకున్న మసక కూడా లేదు. మంచు కప్పిన వీధిలా ఉంది పాట. ఇక ఇంతే, చచ్చేదాకా ఇంతే అని మళ్ళీ భయం వేసింది. వెళ్ళి ఆమె పక్క కుర్చీలో కూలబడ్డాను.

ఆమె కళ్ళు మూసుకుని ఉంది. చూపుడు వేలు కప్పు అంచు మీద చాలా మెల్లిగా కొట్టుకుంటోంది, ఆగి, మళ్ళీ రెండుసార్లు. అక్కడ మోగుతున్నట్టుంది తాళం. నేను కళ్ళు మూసుకోకుండా ఆ వేలినే చూస్తూ కూర్చున్నాను.