శిక్షా కేంద్రం

అభన్‌పూర్‌లో కొత్త వయోజన విద్యా కేంద్రం ప్రారంభానికి పదింటికి జీపు వస్తుందని మల్లేశ్వరరావుగారు అప్పటికి మూడుసార్లు చెప్పారు. ఆయన రైల్వేలో గుమాస్తా, ఈ హిందీ ఊళ్ళో మా కాలనీ తెలుగు మహిళా సంఘానికి కార్యదర్శి. అర్జీలన్నీ హిందీలో రాయాలి కనక మహిళా సంఘానికి మగ కార్యదర్శి ఎందుకని ఎవరూ అడగలేదు. అధ్యక్షురాలిని నేను. ధర్సీవాలో ఉన్న మా ఇంకో కేంద్రం నివేదిక మీద సంతకాలు కాలేదు, పండరీ బట్టల బజారు నుంచి శాలువాలు రాలేదు. ఎనిమిదేళ్ళ కిందట ఆరుగురు ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పడానికి ఈ గది తెరిచాను. ఇప్పుడు ఇందులో సుద్దముక్క ఎక్కడుంటుందో కూడా నాకు తెలియదు.

సరిగ్గా అప్పుడే శేషమ్మ వచ్చింది. ఆమె భర్త పట్టాల మీద గ్యాంగులో పని చేస్తాడు. పలక చంకలో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి, తన పేరు కొట్టెయ్యమంది. ఆమె మానేస్తే మిగిలిన ముగ్గురూ మానేస్తారని, తరగతి ఇక మూతపడ్డట్టేనని నాకు తెలుసు.

"ఇవాళే దొరికిందా నీకు?" అన్నాను.

"బయట బోర్డు మీద శిక్ష అని రాసుందక్కా. నేనే కూడబలుక్కుని సదివాను."

ఒళ్ళు మండింది. అది హిందీ మాట, శిక్ష అంటే వాళ్ళకు చదువని అర్థం, పెయింటరు దాన్నే తెలుగు అక్షరాల్లో దించాడని విసుగ్గా చెప్పాను.

"ఆళ్ళకి సదువేమో. నాలుగు నెల్లబట్టీ గుడిదీర్గం కాడే కూకున్నాం. రావుగారొచ్చి హాజరీ ఏసుకుని పోతారు. ఇది శిక్ష కాదేటి?"

గుడిదీర్ఘం దగ్గరున్న మనిషి 'క్ష' ఎలా చదివిందని అడిగాను.

"ఆ ఒక్క అచ్చరం మాతో సదివే బంగారమ్మ మొగుణ్ణి అడిగాను. నిన్నడుగుదావంటే నువ్వు మీటింగులో ఉన్నావు."

జీపు హారను మోగింది. మల్లేశ్వరరావుగారు లోపలికొచ్చి, ఆఫీసర్లు కనిపెట్టుకుని ఉంటారనీ, ఆహ్వానాల్లో నా పేరే అచ్చయిందనీ తొందరపెట్టారు. ఈ ఏడు ఆరు కేంద్రాలు తెరవడం మన లక్ష్యమని గుర్తు చేశారు.

"రిబ్బను కత్తిరించాక అక్కడ పాఠం ఎవరు చెప్తారు?" అన్నాను.

"అది తర్వాత చూద్దాం లెండి."

"ఇక్కడా అలాగే చూశాం. కత్తెర మీరే పట్టుకోండి. పాఠం చెప్పే మనిషి దొరికేదాకా అభన్‌పూర్ తలుపు తెరవొద్దని కూడా చెప్పి రండి."

పరువు పోతుందని గొణుక్కుంటూ ఆయన జీపెక్కారు. నేను సుద్దముక్క కోసం రెండు బీరువాలు వెతికాను. కాగితాలు, రబ్బరు స్టాంపులు, ఎండిన దండలు. చివరికి శేషమ్మే కిటికీ మీంచి సుద్దముక్క తీసి ఇచ్చింది.

"మరి రేపో?" అంది.

రేపు ధర్సీవాలో సమావేశం. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"రేపూ ఉంటాను."

నమ్మినట్టు కనబడలేదు. శనివారం దాకా చూస్తానని, అప్పటిదాకా పేరు ఉంచమని చెప్పి, పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.