కింద సంతకం

లింగస్వామి ట్యూబును తొట్లో ముంచి, వేళ్లతో నొక్కుతూ బుడగ కోసం చూస్తున్నాడు. నీళ్లు అడుగంటాయి. ఇంకో బిందె తెస్తానని అండాలమ్మ రోడ్డు అవతలి నల్లా దగ్గరికి పోయింది. చైతన్యపురి మెయిన్‌రోడ్డు మీద, కోచింగ్ సెంటర్ గోడకు ఆనించిన అతని పంక్చర్ డబ్బా నీడలో ఆమె జామపండ్ల గంప పెట్టుకుంటుంది. నీడకు బదులు నీళ్లు. పదకొండేళ్లుగా ఇదే పద్ధతి.

సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు. బస్సుల్లేవు. పొద్దున ఎనిమిదింటికి ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టి రోడ్డు మూసేస్తారు. మూసేలోపు దాటిపోవాలని కార్లన్నీ ఒళ్లు తెలియకుండా ఉరుకుతున్నాయి. ప్రతి కారు అద్దం మీదా జై తెలంగాణ స్టిక్కరే. అది అంటించనిదే ఎవరూ బండి బయటికి తియ్యడం లేదు.

చప్పుడుకు తలెత్తేసరికి అండాలమ్మ పడి ఉంది. ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె తెల్లకారు వెనక చక్రం కింద పటపటా పగిలింది. కారు డివైడర్‌కు రాసుకుని నెమ్మదించింది. లోపలి మనిషి వెనక్కి తిరిగి చూశాడు. చూసి మరీ పోయాడు. వెనక చక్రం మూత ఊడి, దొర్లుకుంటూ వచ్చి లింగస్వామి కాళ్ల దగ్గర పడింది.

నడుం నొప్పితో సరిగా లేవలేని లింగస్వామి, ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. ఆటోలో తల ఒళ్లో పెట్టుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు.

"గంప లోపట పెట్టినవా అన్నా?"

"పెట్టిన. నువ్వు మాట్లాడకు చెల్లె."

అండాలమ్మ కూతురు జ్యోతిక దవాఖానకు వచ్చాక, పదిన్నరకు డబ్బా దగ్గరికి తిరిగొచ్చాడు. చక్రం ఊడదీసిన స్కూటర్ అలాగే ఉంది. హెడ్‌కానిస్టేబుల్ దశరథ డబ్బా ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

పంచనామా రాయాలంటే ఇద్దరు సాక్షులు కావాలి. ఆ రోడ్డు మీద ఏ యాక్సిడెంటయినా అందులో ఒకరు లింగస్వామే. నాలుగో తరగతిలో బడి మానినవాణ్ణి పోలీసులు పిలిచి సంతకం అడగడం మొదట్లో అతనికి గొప్పగానే ఉండేది. గుండ్రటి అక్షరాలతో పేరు రాసేవాడు. పైన ఏం రాశారో చదవడం రాదు; అసలు పైన ఏదీ ఉండేది కాదు. తెల్ల కాయితం, అడుగున సంతకం. మిగతాదంతా స్టేషన్లో నిమ్మళంగా నింపుకునేవారు.

"ఏం జూసినవో చెప్పు లింగన్నా."

తెల్లకారు ఆగకపోవడం, ఆ మనిషి వెనక్కి చూడడం, తను ఆటో ఎక్కించడం, అన్నీ చెప్పాడు. చక్రం మూత చూపించాడు.

"మంచిగ చెప్పినవ్. జల్ది సంతకం పెట్టు. ఫోర్సంత చౌరస్తల బందోబస్తుకే పాయె, ఇప్పుడు రాసుకుంట కూసునే టైం యాడిది?"

"మూత తీస్కపోవా సార్?"

"ఉండనీ. మనిషిని పంపిస్త."

పంక్చర్లు అతికే సొల్యూషన్ అంటిన చేత్తోనే లింగస్వామి సంతకం పెట్టాడు.

మనిషి రాలేదు. మూడింటిదాకా చూసి, మూతను గోనెపట్టాలో చుట్టుకుని తనే స్టేషన్‌కు నడిచాడు. దారిలో చౌరస్తాలో మైకు మోగిపోతోంది, మన నీళ్లు మనకే అని. స్టేషన్ ముందు తెల్లకారు నిలబెట్టి ఉంది, కడిగి. నాలుగు చక్రాలకూ మూతలున్నాయి. వెనకది ఒక్కటే తళతళలాడే కొత్తది.

లోపల ఆ కారు మనిషి, పక్కన లాయరు, చేతుల్లో చాయ్.

"కొట్టి ఉరికినోనికి కుర్చీ ఏసిన్రా సార్?"

"ఎవలయ్యా ఉరికింది?" దశరథ కాగితం తీసి చదివాడు. "సదరు డ్రైవరు తక్షణమే వాహనము ఆపి, గాయపడిన స్త్రీని స్వయముగా ఆటోలో ఆసుపత్రికి చేర్చి, పిదప స్టేషనుకు హాజరై సమాచారము ఇచ్చినాడు."

దాని కింద లింగస్వామి అని గుండ్రటి అక్షరాలు. పక్కన సొల్యూషన్ మరక.

"మోసింది నేను గద సార్! గీ అంగి మీది నెత్తురు ఎవలది?"

దశరథ అతని భుజం పట్టి వరండాలోకి తీసుకొచ్చాడు. "జర ఇను. ఆగి దవాఖానకు తోల్కపోయిండంటే స్టేషన్లనే బెయిలు, కోర్టుల జుర్మానతోని అయిపోతది. ఇడిసిపెట్టి ఉరికిండంటే ఇంకో సెక్షన్ పడ్తది, లైసెన్స్ మీదికొస్తది, జడ్జి జైలే రాస్తడు. ఇప్పుడు నువ్వు మాట మారిస్తే అబద్ధం నీదైతది. సంతకం నీదేనా, కాదా?"

"కొట్టింది వాడు, మోసింది నేను. మోసుడు గూడ వానికే రాసిచ్చినవా?"

గోనెపట్టాలోంచి తీసి చూపిన మూతను దశరథ తీసుకోలేదు. పంచనామాలో అలాంటి వస్తువే లేదు.

అయిదున్నరకు డబ్బా దగ్గర ఉండగా ఫోన్ మోగింది.

"అమ్మ పోయింది మామా," అంది జ్యోతిక.

చీకటి పడకముందే దశరథ బండి వచ్చి ఆగింది. చేతిలో మళ్లీ తెల్ల కాయితం. "శవ పంచనామాకు. దబ్బున ఒక సంతకం గీకు."

"ముందు రాయి. రాసింది సదివి ఇనిపియ్. అప్పుడు పెడ్త."

"గింత సదువు ఎప్పుడొచ్చింది లింగన్నా?"

"గియ్యాల్నే."

దశరథ నవ్వి, పక్కనున్న పాన్ డబ్బాకు పోయాడు. పాన్‌వాడు సున్నం చెయ్యి తుడుచుకుని, ఏమని కూడా అడక్కుండా సంతకం పెట్టాడు.

లింగస్వామి జామపండ్ల గంపను లోపలికి జరిపి రేకు తలుపు దించాడు. పాత ట్యూబు ముక్కతో చక్రం మూతను రోడ్డుకు ఎదురుగా డబ్బా గుంజకు బిగించి కట్టాడు. మూత మీద డివైడర్ గీసిన గీత పక్కన, అంచు సందులో, అండాలమ్మ బిందెది ఆకుపచ్చ పెచ్చు ఒకటి ఇంకా ఇరుక్కునే ఉంది.